అనంతపురం ఎండల్లో బొచ్చులేని పిల్లి: స్ఫింక్స్‌ను సాకిన మొదటి ఏడాది

స్ఫింక్స్‌ను చూసినవాళ్ళు మొదట అనే మాట, "బొచ్చు లేదు కదా, మన అనంతపురం ఎండకు ఇదే సరైన పిల్లి" అని. తెచ్చుకోకముందు నేనూ అట్లాగే అనుకున్నాను. అది తప్పు. పిల్లి ఒంటి వేడి సుమారు 38 నుంచి 39 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ బోసి చర్మం వేడిని బయటికి వదులుతుంది. మే నెలలో మన దగ్గర గాలి 41, 42 దాటినప్పుడు అదే చర్మం బయటి వేడిని లోపలికి లాక్కుంటుంది. నాటు పిల్లికి బొచ్చు అడ్డముంటుంది, దీనికి ఏ అడ్డూ లేదు. చర్మంలో ఊరే జిడ్డును పీల్చుకోవడం, ఎండ నేరుగా తగలకుండా ఆపడం, దోమ కుట్టకుండా చూడటం, చలికాలంలో వేడిని పట్టి ఉంచడం, ఇవన్నీ బొచ్చు చేసే పనులే. బొచ్చు లేని పిల్లిని తెచ్చుకుంటే ఆ పనులన్నీ మన చేతిమీద పడతాయి. ఏడాదిగా నేను చేస్తున్నది అదే. ఏది కుదిరిందో, ఏది బెడిసిందో కొలతలతో రాస్తున్నాను.

పేరును బట్టి చాలామంది దీన్ని ఈజిప్టు పిల్లి అనుకుంటారు. ఈజిప్టు నుంచి వచ్చింది పేరు మాత్రమే. 1966లో కెనడాలోని టొరంటోలో ఒక మామూలు ఇంటి పిల్లికి బొచ్చులేని మగపిల్ల పుట్టింది. దానికి ప్రూన్ అని పేరు పెట్టారు. ఆ వంశం నిలవలేదు. ఇప్పుడున్న స్ఫింక్స్‌లకు మూలం ఆ తర్వాత దొరికినవి. 1975లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, వాడెనా దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టింది ఎపిడెర్మిస్. మరుసటి ఏడాది డెర్మిస్ పుట్టింది. టొరంటో వీధుల్లో దొరికిన పంకీ, పలోమా అనే రెండు పిల్లలు నెదర్లాండ్స్ చేరాయి. ఇంత కొద్దిపాటి పిల్లులతో వంశం నిలబెట్టాలంటే బయటి రక్తం కలపక తప్పదు. అందుకని డెవాన్ రెక్స్ అనే ఉంగరాల బొచ్చు ఇంగ్లండు జాతితో కలిపారు. ఈ రెండు జాతుల బొచ్చు తేడాకూ ఒకే జన్యువు కారణమని 2010లో తేలింది. దాని పేరు కేఆర్‌టీ71. వెంట్రుకకు గట్టిదనమిచ్చే కెరాటిన్ ఈ జన్యువు పని. స్ఫింక్స్ చర్మంలో వెంట్రుక కుదుళ్ళు ఉంటాయి కానీ మొలిచిన వెంట్రుక బలం లేక రాలిపోతుంది. లక్షణం అంతర్గతమైనది కాబట్టి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే పిల్ల బోసిగా పుడుతుంది. రష్యాలోని రోస్తోవ్‌లో 1987లో మొదలైన డాన్‌స్కాయ్ కూడా బొచ్చులేని పిల్లే కానీ దాని లెక్క వేరు. అక్కడ ఒకవైపు నుంచి వచ్చినా చాలు. అమ్మేవాళ్ళు ఈ రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతుంటారు, కాగితాలు చూడండి.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, పిల్లను కొనేటప్పుడు అడగాల్సిన కాగితాలు ఇందులోంచే వస్తాయి. డెవాన్ రెక్స్‌లోనూ స్ఫింక్స్‌లోనూ ఒక వంశపారంపర్య కండరాల బలహీనత ఉంది. పుట్టిన కొన్ని వారాల నుంచి ఐదారు నెలల లోపు బయటపడుతుంది. తల వాలిపోవడం, కాసేపు నడిచి కూలబడటం, మింగేటప్పుడు పొలమారడం దాని గుర్తులు. సీఓఎల్‌క్యూ అనే జన్యువుకు డీఎన్ఏ పరీక్ష ఉంది. తల్లిదండ్రులిద్దరి ఫలితం చూపించమనాలి. రెండోది గుండె. స్ఫింక్స్‌లో గుండె కండరం దళసరి కావడం ఎక్కువ. దీనికి డీఎన్ఏ కాగితం ఒక్కటే చాలదు, తల్లిదండ్రులకు ఆ ఏడాదిలో తీసిన గుండె ఎకో రిపోర్టు కావాలి. మూడేళ్ళ కిందటి ఎకో చూపిస్తే ఒప్పుకోవద్దు, ఈ జబ్బు వయసుతో పైకి తేలుతుంది. మూడోది బ్లడ్ గ్రూపు. డెవాన్ రక్తం వల్ల ఈ జాతిలో బి గ్రూపు పిల్లులు నాటు పిల్లుల్లో కంటే ఎక్కువ. బి గ్రూపు పిల్లికి ఎ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణం పోతుంది. కాబట్టి ఆపరేషన్ రోజు వెతుక్కోకుండా ముందే పరీక్ష చేయించి రాసిపెట్టుకోవాలి.

మామూలు పిల్లకు గుండు గీసి స్ఫింక్స్ అని అంటగట్టే మోసం కూడా ఉంది. మీసాలు, కనురెప్పల వెంట్రుకలు చూడండి. అసలు స్ఫింక్స్‌కు రెప్ప వెంట్రుకలు ఉండవు. మీసాలు అసలు లేకపోవచ్చు, ఉన్నా పొట్టిగా వంకర తిరిగి ఉంటాయి. భుజాల మధ్య, మూతి చుట్టూ ముడతలుంటాయి. వీపు మీద చెయ్యి పెడితే జిల్లేడు ఆకు అడుగుభాగంలా సన్నటి నూగు తగలాలి. ముళ్ళలా గరగరలాడితే అది బ్లేడు పని. పిల్లకు 12 వారాలు నిండాలి. మొదటి రెండు టీకాలు పడి ఉండాలి. నేను తీసుకున్నప్పుడు 13 వారాలు, బరువు 1.2 కిలోలు.

బెంగళూరు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. కారులో నాలుగు గంటలు. బయలుదేరే నాలుగు గంటల ముందు తిండి ఆపారు, నీళ్ళు ఆపలేదు. గట్టి ప్లాస్టిక్ బోనులో తల్లి పడుకున్న గుడ్డ వేయించుకున్నాను. ఏసీ 26లో ఉంచి గాలి నేరుగా బోను మీదికి రాకుండా తిప్పాను. బాగేపల్లి దాటాక ఒకసారి ఆపినా బోను తలుపు తీయలేదు. బెదిరిన పిల్ల హైవే పక్కన చేతిలోంచి జారితే మళ్ళీ దొరకదు.

ఇక స్నానం. ఈ జాతి సాకుడులో సగం పని ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

మొదటి తప్పు నీళ్ళు. మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు నురగ రాదు, విరిగి తెల్లటి మడ్డిలా మారుతుంది. బొచ్చున్న పిల్లికి ఆ మడ్డి వెంట్రుకల మీదే ఆగుతుంది. బోసి చర్మానికి నేరుగా అంటుకుని ముడతల్లో ఎండుతుంది. మూడు స్నానాల తర్వాత చంకల్లో ఎర్రటి పొక్కులు లేచాయి. షాంపూ పడలేదేమో అనుకుని అది మార్చాను, తగ్గలేదు. నీళ్ళు మార్చిన రెండు వారాలకు తగ్గింది. అప్పటి నుంచి 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ ఒకటి ఒక స్నానానికి సరిపెడుతున్నాను. ఒక్కో టబ్బులో 8 లీటర్లు, ఆఖరున పైనుంచి పోయడానికి 4 లీటర్లు. వాననీళ్ళు పట్టుకునే వసతి ఉన్నవాళ్ళకు ఇంకా మేలు. కానీ మన దగ్గర వాన నమ్ముకుని పిల్లిని సాకలేం.

రెండో తప్పు ఎంత తరచుగా పోయాలన్నది. మొదట్లో జిడ్డు కనబడగానే పోశాను, మూడు రోజులకొకసారి. చర్మం పొడిబారి పొట్టు లేచింది, దాన్ని పూడ్చుకోవడానికి మరింత జిడ్డు ఊరింది. ఇప్పుడు రోజులు లెక్కపెట్టను. తెల్లటి దూది తడిపి మెడ వెనక ఒకసారి తుడుస్తాను. లేత పసుపు అంటితే ఇంకా సమయముంది. టీ రంగు మరక వస్తే స్నానం. మా ఇంట్లో అది మామూలుగా 8 నుంచి 10 రోజులకు వస్తుంది, ఉక్కపోత రోజుల్లో వారానికి. మధ్యలో రెండు రోజులకొకసారి తడిపి పిండిన మల్లుగుడ్డతో తుడుస్తాను.

పోసే పద్ధతి ఇది. గోళ్ళు ముందురోజే కత్తిరించాలి. బాత్‌రూం తలుపు వేసి, ఫ్యాన్ ఆపి, రెండు టబ్బుల అడుగునా మడతపెట్టిన టవల్ పరచాలి. పిల్లి గోల చేసేది నీళ్ళకు కాదు, కాలు జారడానికి. టవల్ వేసిన రోజు నుంచి సగం పోరు తగ్గింది. నీళ్ళు 37, 38 డిగ్రీలుండాలి, థర్మామీటర్ లేకపోతే మోచేతి లోపలివైపు ముంచి చూడాలి. మన చేతికి గోరువెచ్చగా తగిలే 33 డిగ్రీల నీళ్ళు దానికి చలి. నీటి ఎత్తు దాని పొట్ట తాకేదాకా ఉంటే చాలు. పిల్లుల కోసం చేసిన షాంపూ 5 మిల్లీలీటర్లు 200 మిల్లీలీటర్ల ఉడుకునీళ్ళలో కలిపి, ఆరనిచ్చి, అదే వాడాలి. చిక్కటి షాంపూ నేరుగా పోస్తే ముడతల్లోంచి కడగడం కాదు. మెడ నుంచి తోక దాకా, ఆపైన చంకలు, తొడల మడతలు, వేళ్ళ సందులు, తోక కింద. మొహానికి షాంపూ వద్దు, తడిగుడ్డ చాలు. మూడు నిమిషాలు ఆగి రెండో టబ్బులోకి మార్చి, చివర 4 లీటర్లూ మగ్గుతో నెమ్మదిగా పోయాలి. వేలితో రుద్దితే కీచుమని శబ్దం వస్తే జిడ్డు అతిగా తీసేసినట్టు. మెత్తగా జారితే షాంపూ మిగిలినట్టు. ఈ రెంటికీ మధ్య ఆగాలి. ఎండలో ఆరేసి ఉంచిన టవల్‌లో వెంటనే చుట్టి, ఐదు నిమిషాల్లో తడి లేకుండా ఒత్తి ఆరబెట్టాలి. రుద్దకూడదు.

చిన్నపిల్లల సబ్బు, మనుషుల షాంపూ పనికిరావు. పిల్లి చర్మపు ఆమ్ల క్షార గుణం మన చర్మంలాంటిది కాదు. చర్మం పొడిగా ఉందని కొబ్బరినూనె, బుడ్డల నూనె రాయమని చెప్పేవాళ్ళుంటారు. జిడ్డుతోనే అవస్థపడే చర్మం మీద ఇంకా నూనె పోస్తే రంధ్రాలు మూసుకుపోయి నల్లటి చుక్కలు తేలతాయి, ముఖ్యంగా గడ్డం కింద, తోక మొదట్లో. వాటిని గిల్లకండి. ప్లాస్టిక్ గిన్నెలు తీసి స్టీలువి పెడితే గడ్డం కింది చుక్కలు చాలావరకు తగ్గుతాయి.

చెవులు వారానికొకసారి. లోపల వెంట్రుకలు లేవు కాబట్టి ముదురు గోధుమరంగు గుబిలి త్వరగా చేరుతుంది. వెచ్చబెట్టిన చెవి ద్రావణం నాలుగైదు చుక్కలు వేసి, చెవి మొదలును 20 సెకన్లు మెత్తగా పిసికి, తల విదిలించుకోనిచ్చి, పైకి వచ్చినదాన్ని దూదితో తీయాలి. ఇయర్‌బడ్ లోపలికి దూర్చితే గుబిలిని కర్ణభేరి మీదికి నెట్టినట్టే. గుబిలి కాఫీపొడిలా రవ్వరవ్వగా ఉండి పిల్లి గోక్కుంటుంటే అది పురుగు కావచ్చు, డాక్టరు చేత సూక్ష్మదర్శినిలో చూపించాలి. గోళ్ళ మొదళ్ళలో కూడా అదే జిడ్డు మట్టిలా చేరుతుంది. పది రోజులకొకసారి కత్తిరించేటప్పుడు వేలు నొక్కి, తడి దూదితో ఒక్కో గోరు మడత తుడవాలి.

ఇక ఎండాకాలం సంగతి. మా ఇల్లు మిద్దె, కింద తాడిపత్రి బండలు. మధ్యాహ్నం దాకా ఆ బండల చల్లదనమే చాలు. పిల్లి దానంతటదే వెళ్ళి పొట్ట ఆనించి పడుకుంటుంది. సమస్య రెండు గంటల తర్వాత, మిద్దె కాగి లోపలికి సెగ దిగేటప్పుడు. మొదటి ఏప్రిల్‌లో ఎయిర్ కూలర్ పెట్టాను. గది చల్లబడింది కానీ గాలిలో తేమ నిలిచింది. జిడ్డు, తేమ, ముడత, ఈ మూడూ కలిసినచోట ఈస్ట్ అనే బూజు పెరుగుతుంది. రెండు వారాల్లో వేళ్ళ సందులు ఎర్రబడి, పుల్లటి వాసన వచ్చింది. డాక్టరు టేపు అద్ది సూక్ష్మదర్శినిలో చూసి ఖాయం చేశారు. క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన మందు షాంపూ వారానికి రెండుసార్లు, పది నిమిషాలు ఉంచి కడగమన్నారు. మూడు వారాలకు తగ్గింది. కూలర్ వాడక తప్పని ఇంట్లో కిటికీ ఎదురుగా తెరిచి తేమ బయటికి పోనివ్వాలి. నేను ఏసీకి మారాను, 27 డిగ్రీలు. 24కు దింపితే పిల్లి బొంత కిందికి దూరుతుంది. దాన్ని చూసి ఏసీ సరిచేయడం రిమోట్ మీది అంకెను చూసి చేయడం కంటే మేలు. కరెంటు పోయినప్పుడు తడిపి పిండిన నూలు టవల్ బండ మీద పరుస్తాను. పక్కనే ఫ్యాన్ తిరగాలి, ఇన్వర్టర్ ఉండాల్సింది ఇందుకు.

నోరు తెరిచి ఎగశ్వాస, చొంగ కారడం, చిగుళ్ళు ఎర్రగా మారడం కనబడితే వడదెబ్బ. వెంటనే ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడిపి ఫ్యాన్ పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఐసు నీళ్ళు పోయకూడదు. చర్మపు రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే నిలిచిపోతుంది.

ఉదయం ఎనిమిది లోపు ఎండ మంచిదే, పిల్లి దాన్ని వెతుక్కుంటుంది కూడా. పది నుంచి నాలుగు దాకా కిటికీలకు మందపు తెరలు వేస్తాను. ఎండ తగిలితే చర్మం రంగు ముదురుతుంది, ఎక్కువైతే కాలి పొట్టు లేస్తుంది, ఏళ్ళ తరబడి అట్లాగే సాగితే చర్మ క్యాన్సర్ దాకా పోవచ్చు. మనుషుల సన్‌స్క్రీన్ రాయకండి. పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంది, అందులోని జింక్, సాలిసిలేట్లు కడుపులోకి పోతాయి.

జూన్ నుంచి ఆగస్టు దాకా మన గాలులు సరేసరి. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. దుమ్ము జిడ్డు చర్మానికి అతుక్కుని సాయంత్రానికి మడతల్లో బూడిదరంగు గీతలు పడతాయి. ఆ మూడు నెలలు తుడుపు రోజూ ఉంటుంది. కిటికీలకు దోమల జాలీ తప్పనిసరి. బోసి చర్మం మీద దోమకాటు దద్దురుగా లేస్తుంది.

తిండి సంగతి. ఒంటి వేడి నిలుపుకోవడానికి ఈ జాతి ఎక్కువ తింటుంది. ఇప్పుడు బరువు 3.8 కిలోలు. రోజుకు మాంసకృత్తులు ఎక్కువున్న పొడి తిండి 55 గ్రాములు, 85 గ్రాముల తడి తిండి ప్యాకెట్ ఒకటి, మూడు పూటలుగా. ఏప్రిల్, మే నెలల్లో పొడి తిండి 45కు తగ్గుతుంది, డిసెంబరులో 65 దాకా పోతుంది. ప్రతి పదిహేను రోజులకు తూకం వేసి గోడ క్యాలెండర్ మీద రాస్తాను. పెరుగన్నం, సంగటి ఎంత ఇష్టంగా తిన్నా పిల్లి కడుపుకు అది తిండి కాదు. టారిన్ అనే పోషకం మాంసంలోనే దొరుకుతుంది, అది లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. ఉడికించిన కోడికూర పెడితే ఉప్పు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకుండా పెట్టాలి. ఎర్రగడ్డ పిల్లి రక్తకణాలను పగలగొడుతుంది.

మన ఇళ్ళలో పిల్లికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఫినాయిల్. పిల్లి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపలేదు. తుడిచిన బండ మీద పొట్ట ఆనించి పడుకునే బోసి పిల్లికి అది చర్మం నుంచీ, నాలుక నుంచీ లోపలికి పోతుంది. పనిచేసే అమ్మకు వేరే బకెట్, ఉత్త నీళ్ళు, కాస్త గిన్నెలు తోమే ద్రవం ఇచ్చాను. కుక్కల పిడుదు మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అది పిల్లికి విషం. పారాసిటమాల్ అరబిళ్ళ కూడా ప్రాణం తీస్తుంది. జ్వరం వచ్చిందనిపిస్తే డాక్టరు దగ్గరికి పోవాలి, ఇంట్లో మందుల డబ్బా తెరవకూడదు.

గుణం గురించి చెప్పాలంటే, ఇది ఒంటరిగా కూర్చుని మనల్ని చూసే పిల్లి కాదు. మనం గది మారితే తనూ వెంట వస్తుంది, వంటింట్లో భుజమెక్కుతుంది, గిన్నె మూత తీస్తుంది, తలుపు గడియ ఎట్లా జరుగుతుందో చూసి నేర్చుకుంటుంది. వెచ్చదనం కోసం మనిషిని అంటుకుని పడుకోవడం దీని స్వభావం. పొద్దున తొమ్మిదికి పోయి సాయంత్రం ఆరుకు వచ్చే ఇంట్లో ఒంటరిగా వదిలితే అరుపులు, తోక కొరుక్కోవడం మొదలవుతాయి. అందుకని ఒక నాటు పిల్లిని తోడు తెచ్చాను. రెండు వారాలు వేరే గదుల్లో ఉంచి, ముందు పడక గుడ్డలు మార్చి వాసన అలవాటు చేసి, తర్వాత తలుపు సందులోంచి తిండి పెట్టి, ఆపైన కలిపాను. ఇప్పుడు చలిలో రెండూ ఒకే బొంతలో ఉంటాయి. బొచ్చు లేదు కదా, అలర్జీ రాదు అని కొనేవాళ్ళకు ఒక మాట. అలర్జీ తెచ్చే ఫెల్ డీ 1 అనే ప్రోటీన్ ఉండేది వెంట్రుకలో కాదు, ఉమ్ములోనూ చర్మపు జిడ్డులోనూ. తుమ్ములు వచ్చే మనిషి ఒక రోజంతా ఆ పిల్లితో గడిపి చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. దానికి ముందే బెంగళూరులో గుండె ఎకో తీయించాను. గుండె గోడ మందం 6 మిల్లీమీటర్లు దాటితే జబ్బు కింద లెక్క, మాకు 4.1 వచ్చింది. మత్తులో ఒంటి వేడి వేగంగా పడిపోతుంది కాబట్టి వెచ్చటి పరుపు ఉందా అని అడిగి, లేదంటే ఉడుకునీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి మనమే పట్టుకుపోవాలి. సెలైన్ సూదికి వేసే జిగురు టేపు లాగితే పైచర్మం ఊడి వస్తుంది, చుట్టు బ్యాండేజీ వాడమని ముందే చెప్పాలి. ఎకో ఏడాదికొకసారి తప్పదు. ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. గాఢ నిద్రలో పొట్ట పైకి కిందికి కదిలేది ఒక నిమిషం లెక్కపెట్టాలి. బొచ్చు లేదు కాబట్టి స్పష్టంగా కనబడుతుంది. 30 లోపుండాలి. వరుసగా రెండు రోజులు 30 దాటితే ఆగకుండా డాక్టరుకు చూపించాలి. మాది 22, 24 మధ్య ఉంటుంది. ఆదివారం రాత్రి లెక్కపెట్టి, తూకం పక్కనే ఆ అంకె కూడా రాస్తాను.

డిసెంబరు వచ్చేసరికి స్నానం మధ్యాహ్నం ఒంటిగంటకు మారింది. రాత్రి 16, 17 డిగ్రీల చలికి మెత్తటి నూలు చొక్కా వేస్తాను, పొద్దున తీసేస్తాను. ఆ చొక్కా జిడ్డు పీలుస్తుంది కాబట్టి రెండు రోజులకు మించి ఉతక్కుండా తొడగకూడదు. నాలుగు చొక్కాలుంటే వారం సాగుతుంది.